హోసి వాటా

పోయిన నెల మా ఆవిడ పద్మకు స్విండన్‌లోని మా ఇంటి అటక సర్దాలనే బుద్ధి పుట్టింది. ఆ అటక సామాన్యమైనది కాదు. ఇంగ్లండులో కురిసిన ప్రతి వానచినుకూ ఆవిరై పైకి పోయేముందు ఒక పూట మా అటకలో మకాం వేసి వెళుతుంది. చచ్చిపోయిన కంప్యూటర్లు, మా అమ్మాయి మూడు చక్రాల సైకిలు, ఊరి నుంచి మోసుకొచ్చి ఒక్కసారి కూడా తిప్పని గ్రైండరు, వీటన్నిటి వెనక నుంచి ఆమె ఒక గోధుమరంగు ఉన్ని కోటును బయటికి లాగింది. మడత నలగలేదు. మెడ దగ్గర అంగడివాడు కట్టిన లేబులు ఇంకా వేలాడుతూనే ఉంది.

"ఇదెవురిది?" అంది.

"ఒక బార్బరుది."

"ఏ బార్బరు?"

"నేనెప్పుడూ చూడలేదు."

పద్మది కర్నూలు. తొందరపడి కోప్పడే మనిషి కాదు. నిచ్చెన మెట్టు మీద కూర్చుని, "చూడని మనిషి కోటు మనింట్లో ఎందుకుండాది?" అని అడిగింది.

"ఆయనా నేనూ కవలలం కాబట్టి."

"పొద్దున బీపీ మాత్ర ఏసుకుంటిరా?" అని మాత్రం అడిగి, కోటును చారిటీ షాపుకు పోయే సంచిలో వేసేసింది. శనివారం ఆ సంచి వెళ్లిపోతుంది. దాన్ని ఆపడానికి ఆ సాయంత్రం వంటింట్లో నేను వినిపించుకున్న వాదనే ఇది. ఆమెకు చెప్పేటప్పుడు ముప్పావు గంట పట్టింది. ఇక్కడ అంతకంటే తొందరగా ముగుస్తుందని హామీ ఇవ్వలేను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. బరువు నలభై ఎనిమిది కిలోలు, అందులో రెండు కిలోలు కళ్లద్దాలవి. కోవెంట్రీలో కార్లకు సంబంధించిన ఒక కంపెనీలో, కారు అనేది ఒక్కసారి కూడా నడపకుండా, కారు బ్రేకులకు ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఒకదానికొకటి ఆనుకుని నిలబడిన ఇళ్ల వరసలో ఒక ఇల్లు మాది. పక్కింటాయన తుమ్మితే మా గోడ మీది క్యాలెండరు ఒక నెల ముందుకు తిరిగేది. మూడు గదులు, ఒక వంటిల్లు, ఒక బాత్‌రూము. తడిసిన కార్పెట్ వాసన, గ్యాసు వాసన, వీటి రెండింటినీ మించి రాజుగారి రొయ్యల పచ్చడి వాసన. రాజుగారంటే భీమవరం వైపు నుంచి వచ్చిన సత్యనారాయణరాజుగారు, నాకంటే నాలుగేళ్లు పెద్ద, నాకంటే నలభై కిలోలు బరువు. ఆయన పచ్చడి జాడీని పెట్టెలో, పెట్టెను బీరువాలో పెట్టి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకునేవారు. ఫ్రిజ్‌లోని షెల్ఫులకు పేర్లు రాసి అంటించింది కూడా ఆయనే.

"ఏవండీ శేషుగారూ, మీ పెరుగు డబ్బా మా షెల్ఫులోకి ఒక అంగుళం వచ్చిందండి. నేనేం అనుకోను గానీ, చూసేవాళ్లకి బాగోదండి," అనేవారు. చూసేవాళ్లెవరో, ఫ్రిజ్ లోపలికొచ్చి ఎందుకు చూస్తారో నేను అడగలేదు. ఎవరి అన్నం వాళ్లు వండుకుని, పళ్లెం పట్టుకుని, ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లి తలుపేసుకుని తినేవాళ్లం. అలాగే రెండేళ్లు గడిపాం. అది నాగరికత అనుకున్నాం.

మూడో గదిలోకి జంబాగారు వచ్చారు. యాభై అయిదేళ్ల మనిషి. తలుపు చట్రంలో నిలబడితే వీధి దీపం కనపడేది కాదు. అంగోలా దేశం నడిమధ్య పీఠభూమి వాళ్లది. ఓవింబుండు అంటారు వాళ్ల జనాన్ని, వాళ్ల భాష ఉంబుండు. అక్కడ మిషను బళ్లో పంతులుగా పనిచేసి, యుద్ధం బడినీ ఊరినీ రెంటినీ ఊడ్చేశాక, దేశాలు మారి, ఇక్కడ ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పనిలో కుదిరారు. ఆయన మాతో మాట్లాడింది ఇంగ్లీషే. బైబిలు చదివినట్టు నిదానంగా, ఒక్కో మాటకూ ఇస్త్రీ పెట్టి మడిచి ఇచ్చేవారు. కానీ ఇన్నేళ్ల తర్వాత నా జ్ఞాపకంలో ఆయన అచ్చం మా అనంతపురం తెలుగు మాట్లాడుతున్నారు. తప్పు ఆయనది కాదు.

మొదటి పొద్దున నేను టై కట్టుకుంటూ బస్సు కోసం పరిగెడుతుంటే, మెట్ల కింద అడ్డంగా నిలబడి రెండు చేతులూ మెల్లగా చరిచి, "కలుంగా," అన్నారు. నేను "గుడ్ మార్నింగ్" అన్నాను. తల అడ్డంగా ఊపారు. "కూకు, అనాలప్పా," అని నేర్పారు. "కూకు" అన్నాను. అయిపోయిందనుకున్నాను. అప్పుడే మొదలైంది. నేను ఎట్లా పడుకున్నాను, మా అమ్మ ఎట్లా పడుకుంది, మా ఊళ్లో పశువులు ఎట్లా పడుకున్నాయి, వాన పడిందా, వేరుశనగ దిగిందా. అన్నీ అడిగాక ఇవన్నీ నేను ఆయన్ను అడగాలి. ఆ లోపల రెండు బస్సులు వెళ్లిపోయాయి. రెండు వారాలు ఆలస్యంగా వెళ్లాక మా మేనేజరు కారణం అడిగాడు. మా ఇంట్లో పలకరింపులు జరుగుతున్నాయని చెప్పాను. ఆయన ఆ మాటను ఏదో జబ్బు పేరనుకుని, జీపీకి, అంటే మా పేట డాక్టరుకు, చూపించుకోమన్నాడు.

మూడో రోజు సాయంత్రం జంబాగారు వంటింట్లో మొక్కజొన్న పిండి పొయ్యి మీద పెట్టి, ఊరి నుంచి తెచ్చుకున్న మూరెడు తెడ్డుతో కెలకడం మొదలుపెట్టారు. ఆ చప్పుడు విని నేను గదిలోంచి చెప్పులు లేకుండా వచ్చేశాను. అది మా అవ్వ సంకటి కెలికే చప్పుడు. ఆయన దాన్ని ఇపుత అన్నారు. పక్కన ఆకుకూర, ఎండుచేప. నేను వేరుశనక్కాయల ఊరుబిండి తెచ్చి పెట్టాను. ఒక ముద్ద చేసి, గుంట చేసి, ఊరుబిండి అద్దుకుని ఆయన కళ్లు మూసుకున్నారు. రెండు పీఠభూములు కోవెంట్రీలో కలుసుకున్నాయి. అప్పుడే పైనుంచి రాజుగారి గది తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది.

"అతనికి ఒంట్లో బాగలేదా?" అని జంబాగారు గొంతు తగ్గించి అడిగారు.

"బాగానే ఉన్నారు అంకుల్. తింటున్నారు."

"తలుపేసుకోనా?"

"అవును."

ఆయన ముద్ద దించేశారు. "మా ఊళ్లో తలుపేసుకుని ఒంటరిగా తినేవాడు రెండే రకాలప్పా. రోగి, లేకపోతే మంత్రగాడు. రోగి కాదంటివే."

అప్పుడు చెప్పారు ఓంజాంగో గురించి. ఊరి మధ్య గుండ్రంగా కట్టిన చావడి. ఆడవాళ్లు ఎవరింట్లో వండింది వాళ్లు అక్కడికి పంపిస్తారు. మగవాళ్లంతా ఒకచోట కూర్చుని అందరి ఇంటి కూడూ తింటారు. దారిన పోయేవాడూ తింటాడు. తగువులు తీర్చేదీ, పిల్లలకు కథలు చెప్పేదీ అక్కడే. ఓంజాంగో లేని ఊరు ఊరు కాదట, విడిది అట. వారం తిరిగేసరికి ఫ్రిజ్ మీది పేర్ల చీటీలు పోయాయి. రెండో వారం చివర్లో, మంత్రగాడన్న మాట ఎలాగో చెవిన పడి, రాజుగారు జాడీ పట్టుకుని మెట్లు దిగివచ్చారు. "నేనేం అనుకోను గానీ అంకుల్, మా వంశంలో అలాంటివి లేవండి," అంటూ అందరికీ ఒక్కో రొయ్య వడ్డించారు. ఆ రోజు ఇంగ్లండు చరిత్రలో ఎందుకు నమోదు కాలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ వంటింటి బల్ల దగ్గర నేను నేర్చుకున్న చరిత్ర ఏ బళ్లోనూ చెప్పలేదు. వాళ్ల పెద్దలు బిడారు వర్తకులు. మైనమూ దంతమూ రబ్బరూ నెత్తిన పెట్టుకుని, సముద్రం ఒడ్డు నుంచి ఖండం నడిబొడ్డు దాకా నెలల తరబడి నడిచినవాళ్లు. నెత్తిన మోసినవి వస్తువులే కాదనీ, మనుషుల్ని కూడా అమ్మిన కాలం ఒకటి ఉందనీ ఆయన దాచలేదు. అది చెప్పిన పూట ముద్ద సగం తిని లేచారు. తర్వాత రబ్బరు ధర పడిపోయింది, వాళ్ల బైలుండో రాజ్యం పోర్చుగీసువాళ్ల మీద తిరగబడి ఓడిపోయింది, రైలుపట్టా పడింది. "రైలొచ్చినాక మా తాతకు నడక ఉద్యోగం పోయింది," అన్నారు, ఎవరో పెన్షను ఎగ్గొట్టినంత బాధగా. ఆ నడక మాత్రం రక్తంలో మిగిలింది. ఒకసారి బర్మింగ్‌హామ్ వెళ్దామంటే రైలు టికెట్టుకు డబ్బులు తీసిన నన్ను జాలిగా చూసి, "పక్కూరికి బండెందుకప్పా?" అని బయల్దేరారు. ఆ రోజు నేను అరగదీసిన బూట్లను ఏ మ్యూజియమూ తీసుకోలేదు.

ఇక అసలు సంగతి. వాళ్లలో కవలలు పుడితే పేర్లు వెతుక్కునే పని లేదు. మొదటివాడు జంబా, అంటే ఏనుగు. రెండోవాడు హోసి, అంటే సింహం. వాళ్ల తర్వాత పుట్టిన బిడ్డ కసిండ. ఇందులో మార్పు లేదు. కాబట్టి జంబా అనే మనిషి కనపడగానే ఆ పీఠభూమిలో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "హోసి ఎట్లున్నాడు?" అని. మా జంబాగారు ఆ ప్రశ్నకు ఎనిమిదేళ్లుగా జవాబు చెప్పలేకపోతున్నారు. ఊరి మీద గుండ్లు పడిన రోజున హోసి తూర్పు దారి పట్టాడు, ఈయన పడమటి దారి. అంతే. బతికున్నాడో లేదో తెలియదు. పేరు పెట్టి పిలిచిన ప్రతిసారీ తమ్ముడు లేడని ఎవరో గుర్తుచేసినట్టే.

కవలల్లో ఒకరికిచ్చి ఒకరికివ్వకపోతే ఇద్దరికీ కీడని ఆయన పెరిగిన ఇంటి పట్టింపు. అందుకని బల్ల మీద నాలుగో పళ్లెం ఎప్పుడూ ఉండేది. వండింది నిలవుండదు కాబట్టి దాన్ని వచ్చిన అతిథి తినవచ్చు, అతిథి లేకపోతే రాజుగారు అతిథి అయ్యేవారు. నిలవుండే వస్తువులు మాత్రం హోసికే. ఈ సంగతి తెలియక పుట్టినరోజుకు నేనొక మఫ్లరు కొనిచ్చాను. ఆయన దాన్ని ముట్టుకోకుండా మర్యాదగా చూస్తూ కూర్చున్నారు. రెండోది కొనుక్కొచ్చేదాకా చూస్తూనే ఉన్నారు. ఆ తర్వాత ఆయన్ను మొదటిసారి సూపర్ మార్కెట్టుకు తీసుకెళ్లాను. ఒకటి కొంటే ఒకటి ఉచితం అని అరలన్నిటి మీదా ఎర్ర బోర్డులు. ఆయన టోపీ తీసి చేత పట్టుకున్నారు. గుడిలో నడిచినట్టు ఆ వరసల మధ్య నడిచారు. చివరికి, "ఈ దేశం మీద నాకు శానా అపోహ ఉండె. వీళ్లకు కవలల మర్యాద తెలుసప్పా," అన్నారు. అది సరుకు వదిలించుకునే ఎత్తు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మెట్ల కింది బీరువా హోసి గది అయింది. రెండో గొడుగు, రెండో జత గ్లోవ్స్, రెండో షాంపూ, రెండో దోమల మందు. కోవెంట్రీలో దోమ ఉండదు, అయినా ఉచితం. సంతలో రెండిటికి ఒక ధరకు దొరికిన కోట్లలో రెండోది. అన్నిటికంటే ముఖ్యంగా బిస్కెట్లు. తేనె రంగులో, వెన్న కారుతూ, డబ్బాల కొద్దీ.

ఆ ఏడాది మా కంపెనీలో సగం మందిని పంపేశారు. పంపేసిన సగంలో నేనున్నాను. రోజంతా ఇంట్లో కూర్చుని, ఉత్తరాలు రాసి, హీటరు వేసుకోవడానికి భయపడి, మెట్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చునేవాణ్ణి. ఆ మెట్ల కిందే హోసి గది. మొదటి రోజు ఒక్కటే తిన్నాను. హోసి అనే మనిషి ఎక్కడున్నా ఒక్క బిస్కెట్టుకు కాదనడని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మూడో రోజుకు ఒక ప్యాకెట్టు. ఆరో వారానికి ఆ బీరువాలో ఖాళీ డబ్బాలు ఏ యుద్ధమూ ఎరగనంత నిశ్శబ్దంగా, వరసగా నిలబడ్డాయి. చివరికి బర్మింగ్‌హామ్‌లో ఇంటర్వ్యూ వచ్చింది. నా కోటుకు మోచేయి చిరిగింది. హోసి కోటు వేసుకుని వెళ్లాను. ఉద్యోగం వచ్చింది. ఈల వేసుకుంటూ బస్సు దిగేసరికి స్టాపులో జంబాగారు నిలబడి ఉన్నారు, అదే కోటులో. ఒకే రంగు, ఒకే గుండీలు. ఆయన లోపల ఇద్దరం పట్టేవాళ్లం, నా కోటులో ఇంకొకడు పట్టేవాడు.

ఒకరి వెనక ఒకరం ఇంటికి నడిచాం. వంటింట్లో ఓంజాంగో కూర్చుంది. ఖాళీ డబ్బాలు బల్ల మీదికి వచ్చాయి. రాజుగారు సాక్షి.

"ఎవురు తిన్న్యారు?" అని అడిగారు జంబాగారు.

నాకు ఉద్యోగం వచ్చిన ఆనందంలో ధైర్యమూ వచ్చింది. "ఎలుకలు," అన్నాను.

రాజుగారు గొంతు సవరించుకున్నారు. "నేనేం అనుకోను గానీ అంకుల్, డబ్బా మూత తీసి, తిని, మళ్లీ మూత పెట్టే ఎలుకని మా భీమవరంలో నేను చూళ్లేదండి. దాని చేతికి వాచీ కూడా ఉందండి."

జంబాగారు ఒక ఖాళీ డబ్బాను దగ్గరికి లాక్కున్నారు. అడుగున ఉన్న పొడిని వేలితో తాకి చాలాసేపు చూశారు. నేను పెట్టె సర్దుకోవడం గురించి ఆలోచిస్తున్నాను. అప్పుడు ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నెమ్మదిగా మొదలై, బల్ల కదిలి, పక్కింటి గోడ దాకా వెళ్లింది ఆ నవ్వు. "ఇది హోసి పనే," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. మాకు అర్థం కాలేదు. ఆయన వివరించలేదు. తీర్పు మాత్రం చెప్పారు. "పొట్టలోకి పోయింది వెనక్కి రాదు. వేరేవాడు తింటే దొంగతనం. హోసి తింటే అది ఆయన వాటా. కాబట్టి హోసి వచ్చేదాకా నువ్వే హోసివి."

నలభై ఎనిమిది కిలోల సింహాన్ని నేను. శిక్ష పడలేదని సంబరపడ్డాను గానీ, పడింది శిక్షేనని మరుసటి రోజు తెలిసింది. జంబాగారు గుండు చేయించుకుంటే నేనూ చేయించుకోవాలి. ఆయనకు దగ్గొస్తే చేదు వేరు కషాయం ఇద్దరమూ తాగాలి. ఆయన ఓచిసాంగ్వా అనే మొక్కజొన్న అంబలి పులియబెడితే మొదటి చెంబు నాది. ఒకసారి మూత బిగించిన సీసా పేలి వంటింటి పైకప్పు నుంచి నాలుగు రోజులు చుక్కలు కారింది, ఆ కడిగే పనిలోనూ సగం వాటా నాదే. అంకుల్ అనడానికి వీల్లేదు. "తోడబుట్టినవాణ్ణి అంకుల్ అంటారా?" అన్నారు. అన్నా అనేవాణ్ణి. ఇద్దరి తర్వాత ఇంట్లో మిగిలింది రాజుగారు కాబట్టి ఆయన కసిండ. నాకంటే నాలుగేళ్లు పెద్దయిన ఆ మనిషి నన్ను అన్నా అని పిలవాల్సొచ్చింది. "అన్నయ్యగారూ, గ్లాసు అందుకోండి," అనేటప్పుడు ఆయన పళ్లు కలిసిన చప్పుడు వినిపించేది.

అన్నిటికంటే పెద్ద బాధ్యత శనివారాలు. యుద్ధాల్లో తప్పిపోయినవాళ్లను వెతికే ఆఫీసు ఒకటి బర్మింగ్‌హామ్‌లో ఉండేది. కవల కోసం అడగడానికి కవలే రావాలని జంబాగారి పట్టు. కొత్తగా వచ్చిన ఒక ఆంటీ కౌంటరులో కూర్చుని ఫారం తీశారు.

"తప్పిపోయినవారి పేరు?"

"హోసి."

"మీతో వచ్చినవారి పేరు?"

"హోసి."

ఆమె పెన్ను కింద పెట్టారు. "అయితే దొరికారన్నమాట."

"ఈయన దొరికాడు. ఆయన దొరకలేదు," అన్నారు జంబాగారు, ఎంతో ఓపికగా.

అక్కడి కష్టం అర్థం కావాలంటే ఆ పేర్ల పద్ధతి గుర్తుంచుకోవాలి. ఆ పీఠభూమి మీద కవలలు పుట్టిన ప్రతి ఇంట్లోనూ ఒక హోసి. తప్పిపోయిన హోసిలు వందలమంది. వాళ్లను వెతికే జంబాలూ అంతమందే. మాకు రెండుసార్లు హోసి దొరికాడని కబురొచ్చింది. మొదటాయన వయసు ఇరవై నాలుగు. రెండో ఆయన ఎక్కడో సైకిళ్లు బాగుచేసే మనిషి, మా ఉత్తరానికి జవాబు రాశాడు. "నేను మీ హోసిని కాను. కుడి చెవి తెగిన జంబా ఎవరైనా మీకు కనపడితే నేనిక్కడున్నానని చెప్పండి," అని. ఆ ఉత్తరం చదివిన రోజు జంబాగారు ఇపుత కెలకలేదు. మరుసటి వారం నుంచి అంగోలా వాళ్లు కలిసే ప్రతి చోటా తన హోసి గురించి అడిగేముందు ఆ చెవి తెగిన జంబా గురించి అడిగేవారు.

అక్కడ యుద్ధం ఆగిపోయిందని వార్త వచ్చిన కొన్నాళ్లకు మూడో కబురొచ్చింది. జాంబియాలో ఒక శరణార్థుల శిబిరంలో హోసి అనే ముసలాయన ఉన్నాడు, ఆదివారం పదకొండుకు ఫోన్ చేయిస్తారు. ఆ వారమంతా ఇల్లు ఊపిరి బిగబట్టింది. జంబాగారు భయపడుతున్నారని పలకరింపుల వల్ల తెలిసింది. పశువుల దగ్గర ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టేవారు. ఈసారి కూడా కాకపోతే ఇక అడగనని రాజుగారితో అన్నారట.

ఆదివారం ముగ్గురం స్నానాలు చేసి, నడవాలో గోడకున్న ఫోను ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. అన్న ఆజ్ఞ ప్రకారం ఇద్దరం కోట్లు వేసుకున్నాం. ఫోను మోగింది. జంబాగారి చేయి లేవలేదు. రాజుగారు స్పీకరు మీట నొక్కారు. అవతల గరగర, దాని వెనక ఒక బొంగురు గొంతు. "కలుంగా."

"కూకు," అన్నారు మా జంబాగారు.

ఆ తర్వాత అన్నేళ్ల ఎదురుచూపుని పక్కన పెట్టి ఇద్దరూ పలకరింపులు మొదలుపెట్టారు. ఎట్లా పడుకున్నారు, వాన పడిందా. మాకు భాష రాకపోయినా వరస తెలుసు. పశువుల దాకా వచ్చేసరికి రాజుగారికి చెమటలు పట్టాయి. "అన్నయ్యగారూ, అసలు సంగతి అడగమనండి. లైన్ కట్టయిపోద్దండి," అని నా చెవిలో వేడుకున్నారు. చివరికి జంబాగారు గొంతు తగ్గించి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. అవతల గరగర తప్ప ఏమీ లేదు. ఎంతసేపంటే, నా కోటు గుండీలు మూడుసార్లు లెక్కపెట్టాను. తర్వాత ఆ గొంతు ఒకే ఒక్క మాట అంది.

జంబాగారు గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారిపోయారు. నేలమీద కూర్చుని నవ్వారు. ఆ రోజు డబ్బా అడుగున పొడి చూసి నవ్విన నవ్వు. ఫోనులోంచి కూడా సరిగ్గా అదే నవ్వు వచ్చింది, నడవాకు రెండు చివర్లా ఒకే మనిషి ఉన్నట్టు.

ఫోను పెట్టేశాక చెప్పారు. వాళ్ల నాన్న చెట్లకు తేనెపట్టు తొట్లు కట్టే మనిషి. ఏడేళ్లప్పుడు ఇద్దరికీ చెరొక సొరకాయ బుర్ర నిండా తేనె ఇచ్చాడు. జంబాకు జ్వరం వచ్చి పడుకున్నాడు. లేచి చూస్తే రెండు బుర్రలూ ఖాళీ. ఈ సంగతి ఆ ఇద్దరికి తప్ప బతికున్నవాళ్లెవరికీ తెలియదు.

"నా తేనె ఎవురు తిన్న్యారు, అని అడిగినా."

"ఏమన్నారు?"

"చీమలు, అన్న్యాడు." కళ్లు ఒత్తుకున్నారు. "ఆ పొద్దు గూడా అదే చెప్పినాడు. యాభై ఏండ్లయినా ఇంకా చీమలే అంటాండాడు. వాడే."

రాజుగారు లేచి, బీరువా తాళం తీసి, జాడీ మొత్తం తెచ్చి బల్ల మీద పెట్టారు. గరిటె వెయ్యకుండానే.

ఆ తర్వాతి ఫోనుల్లో బార్బరు బయటపడ్డాడు. శిబిరంలో హోసి తన రేషను కార్డులో జంబా పేరు కూడా రాయించాడట. అన్న వచ్చేదాకా అన్న వాటా పోకూడదని. కానీ వరసలో నిలబడటానికి ఇద్దరు మనుషులు కావాలి. పక్క గుడిసెలోని ఒక బార్బరు, ఏ ఊరివాడో, జంబాగా నిలబడి నాలుగేళ్లు ఆ పిండి తిన్నాడు. మా తాత పోయాక కూడా పన్నెండేళ్లు మా రేషను కార్డులో ఆయన చక్కెర తిన్నాడు కాబట్టి నాకు ఆ ఏర్పాటు చాలా గౌరవంగా అనిపించింది.

రెండేళ్లకు జంబాగారు, జాంబియాలో తమ్ముణ్ణి కలుపుకుని సొంత ఊరికి వెళ్లిపోవడానికి, బయల్దేరారు. ఎయిర్‌పోర్టు బస్సు దాకా సామాను మోయడానికి బిడారు కట్టించారు. ముందు ఆయన, నెత్తిన పెట్టె. వెనక నేను, నెత్తిన గొడుగులూ దోమల మందూ. చివర కసిండ, నెత్తిన షాంపూలు. వీధిలోని ప్రతి కిటికీ తెర ఒక బెత్తెడు తొలగింది. బస్సు ఎక్కేముందు ఆయన ఒక సంచి నా చేతిలో పెట్టారు. సంతలో కొత్తగా కొన్న రెండు కోట్లు.

"ఒకటి నీది. ఇంకోటి ఆ బార్బరుది. మాకోసం తిన్నోళ్లు మీరు. వాడు ఏనుగు, నువ్వు సింహం. ఏదో ఒకరోజు వస్తాడు. వాడి వాటా నీ దగ్గరుండనీ." రెండో కోటు జేబులో ఒక బిస్కెట్ల ప్యాకెట్టు పెట్టి, నా కళ్లలోకి చూసి, "ఇది వాడిది," అన్నారు. ఆ మాటను మళ్లీ రెండుసార్లు అన్నారు.

నా కోటు మూడు చలికాలాలకు అరిగిపోయింది. బార్బరుది మాత్రం నాతోపాటు కోవెంట్రీ నుంచి బర్మింగ్‌హామ్‌కు, అక్కడి నుంచి స్విండన్‌కు, మూడు ఇళ్లు మారింది. జంబాగారి నుంచి కొన్నేళ్లు ఉత్తరాలొచ్చాయి, ఇద్దరి సంతకాలతో. తర్వాత రాలేదు. ఇప్పుడు మా వంటింట్లో ఆరు కుర్చీలున్నాయి. మా అమ్మాయి అన్నం పైకి పట్టుకెళ్లి తలుపేసుకుని తింటుంది. పద్మ తను పనిచేసే హాస్పిటల్ డ్యూటీల రోటా ప్రకారం తింటుంది. నేను కంప్యూటరు ముందు తింటాను. జంబాగారి లెక్కలో మా ఇంట్లో ఉన్నది ఒక రోగి, ఇద్దరు మంత్రగాళ్లు. ఫ్రిజ్ షెల్ఫుల మీద చీటీలు లేవు గానీ, వాటి అవసరం లేకుండానే ఎవరి షెల్ఫు ఏదో అందరికీ తెలుసు. ఆ కోవెంట్రీ ఇంట్లో చలి ఎక్కువ, వేడినీళ్లు తక్కువ, బస్సులన్నీ తప్పిపోయేవి. కానీ వెళ్లేముందు నేను ఎట్లా పడుకున్నానో ఒకరికి పూర్తిగా తెలిసేది.

అక్కడితో నా వాదన ముగిసింది. మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. "డాడ్, సో యూ ఆర్ ద లయన్?" అని మాత్రం అడిగి, నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

పద్మ లేచి సంచిలోంచి కోటు తీసింది. దుమ్ము దులిపింది. అలవాటుగా జేబులో చేయి పెట్టి ఆ ప్యాకెట్టును బయటికి తీసింది. దాని వయసు మా పెళ్లి వయసంత. చూడ్డానికి నిండుగానే ఉంది. తిప్పి చూసింది. అవతలి చివర నీటుగా చింపి, నీటుగా మడిచి, గమ్‌టేపు అంటించి ఉంది. లోపల ఉన్నది నలిపిన న్యూస్‌పేపరు.

"బార్బరు వాటా ఎవురు తిన్న్యారు?" అంది.

"చీమలు," అన్నాను.

శనివారం ఆమె సూపర్ మార్కెట్టు నుంచి రెండు ప్యాకెట్లు తెచ్చింది. ఒకటి వంటింటి డబ్బాలో పోసింది. రెండోదాన్ని కోటు జేబులో పెట్టి, కోటును అటకెక్కించి, నిచ్చెన తీసుకెళ్లి గరాజులో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.